నాలుగు వందల అడుగుల గాలి

"కిందికి దిగిన ఆ ఇద్దరికీ ఏమీ కాదని పూచీ ఎవురు సార్?"

మునిశంకర్ అడిగిన మాటకు నందీశ్ షెడ్డు మూలనున్న కంప్యూటర్ తెర వైపు వేలు చూపించాడు. తెర మీద పచ్చని అక్షరాలు నిలకడగా వెలుగుతున్నాయి. నాలుగు వందల అడుగుల లోతున ప్రాణవాయువు ఇరవై పాయింట్ తొమ్మిది. విషవాయువు సున్న.

"ఇదప్పా పూచీ. నీ అంగట్లో తక్కెడ అబద్ధం చెప్పొచ్చు. ఇది చెప్పదు."

"తక్కెడ ఎప్పుడూ అబద్ధం చెప్పదు సార్. తట్టలో ఏం పెట్టినారో దాన్నే చెబుతాది. అబద్ధం పెట్టినోడిది."

బంగారుపేట మార్కెట్ వీధిలో ఎలక్ట్రానిక్ తక్కెడలు అమ్మి, రిపేరు చేసే అంగడి మునిశంకర్‌ది. తూకంలో మోసాలు పట్టివ్వమని వర్తకులు పిలవడంతో మొదలై, మనుషుల్లో మోసాలు పట్టివ్వమని పిలిచేదాకా వచ్చింది. ఇప్పుడు చుట్టుపక్కల అతణ్ణి డిటెక్టివ్ అనే అంటారు. అతని లెక్క ఒకటే. మనిషి నోటితో చెప్పే ధర ఒకటి, మనసులో ఉన్న ధర ఇంకొకటి. ఆ రెండింటి నడుమ తేడా ఎక్కడుందో కనుక్కుంటే కేసు తేలిపోయినట్టే.

ఈ కేసులో కనపడకుండా పోయింది మూర్తి. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఎప్పుడో మూతపడిన ఒక షాఫ్టు, అంటే నేలలోకి నిట్టనిలువుగా దిగే పాత గని దారి, ఈ షెడ్డుకు కూతవేటు దూరంలో ఉంది. అందులో మిగిలిపోయిన ఇనుప గొట్టాలను పైకి తీసే పని ఒక కంపెనీ పట్టింది. ఆ పని చేయించే కాంట్రాక్టరు దాసప్ప. కంపెనీ తరఫున కాపలా చూసే అధికారి నందీశ్. షెడ్డులో కూర్చుని కింద నీళ్ళు ఎంత ఉన్నాయో, గాలి ఎలా ఉందో తెర మీద కనిపెట్టే ఆపరేటర్ మూర్తి. సోమవారం సాయంత్రం డ్యూటీకి వచ్చిన మూర్తి మళ్ళీ ఇల్లు చేరలేదు. ఇవాళ గురువారం.

రాగి తీగ దొంగిలించి అమ్ముకొని చెన్నై రైలెక్కాడని నందీశ్ తేల్చేశాడు. మూర్తి భార్య పవిత్ర ఒప్పుకోలేదు; మునిశంకర్‌ను పిలిపించింది. కార్మికుల ఇళ్ళ లైన్ల నుంచి జనాన్ని తెచ్చి రెండు రోజులు గేటు ముందు కూర్చుంది. చివరికి కంపెనీ ఒక బేరానికి దిగింది. మూర్తి తరఫువాళ్ళు ఇద్దరు షాఫ్టులో నాలుగు వందల అడుగుల దాకా దిగి వెతుక్కోవచ్చు. మనిషి దొరకకపోతే రేపు ఆ మూతి మీద సిమెంటు పలక వేసేస్తారు. పలక పడితే మూర్తి ఎప్పటికీ దొంగే. ఆ మాట పవిత్రకు తెలుసు. అందుకే తన తమ్ముడు మోహన్‌కుమార్‌ను, మూర్తి స్నేహితుడు హేమంత్‌ను ఇనుప తొట్టిలో కూర్చోబెట్టి దించుతుంటే వద్దనలేక, తొట్టిని దించి లాగే వించి యంత్రం పక్కన నిలబడి చూస్తోంది.

తొట్టి కదిలి అయిదు నిమిషాలయింది.

"మూర్తి బండి బంగారుపేట స్టేషన్ స్టాండులో దొరికింది గదా," అన్నాడు నందీశ్. "రైలెక్కకుండా బండి ఆడెందుకు పెడతాడు?"

"గొడుగు అంగట్లో ఉంది కాబట్టి గొడుగాయన అంగట్లోనే ఉన్నాడన్నట్టుండాది సార్. బండిని ఎవురైనా తోలుకొచ్చి పెట్టొచ్చు. మూర్తి టికెట్టు కొనింది చూసినోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"నువ్వు మార్కెట్లో కూర్చునే మనిషి. నేను ఇరవై రెండేళ్ళు పోలీసులో చేసి వచ్చినవాణ్ణి. గొత్తాయితా?"

"తెలిసింది సార్. అందుకే అడుగుతుండా."

నందీశ్ ముఖం చిట్లించాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ దాసప్ప మాత్రం చిన్నగా నవ్వాడు. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, ఎప్పుడూ మెత్తని గొంతు. బేరంలో గొంతు పెంచని మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండాలని మునిశంకర్ చాలాకాలం కిందటే నేర్చుకున్నాడు.

మునిశంకర్ వంగి కంప్యూటర్ వెనక చూశాడు. అరచేతి వెడల్పున ఒక నల్లని పెట్టె. దానికి రెండు తీగలు తగిలించి ఉన్నాయి. రెండూ ఒకే గొట్టంలోకి దూరి గోడలోకి పోతున్నాయి. తెర మీద ఒక మూల చిన్న అక్షరాలు. లైన్ ఒకటి, నీళ్ళు, 485. లైన్ రెండు, గాలి, 232. రెండింటి పక్కనా 'ఆటో' అని ఉంది.

"ఈ పెట్టె కొత్తదా?"

"పోయిన నెల పిడుగు పడి పాతది కాలిపాయ సామీ," అన్నాడు దాసప్ప. "కంపెనీవాళ్ళు బెంగుళూరినించి ఇది పంపించిరి. మూర్తే బిగించినాడు."

ఇలాంటి పెట్టెలు మునిశంకర్ ఎన్నో బిగించాడు. తక్కెడైనా గాలి మీటరైనా కంప్యూటర్‌తో సీరియల్ పోర్టు అనే సన్నని దారిలో మాట్లాడుతుంది. ఆ మాట ముఖ్యంగా రెండు రకాల తీగల మీద నడుస్తుంది. 232 అంటే పొట్టి తీగ. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు, మహా అయితే యాభై అడుగులకు పనికొస్తుంది. 485 అంటే పొడుగు తీగ. అర మైలు లాగినా మాట చెదరదు. పాత పెట్టెల్లో ఏ తీగ తగిలించామో వెనకనున్న చిన్న మీటలు నొక్కి మనమే చెప్పాలి. మనం ఏది చెబితే అదే నమ్ముతుంది. కొత్త పెట్టె అలాంటిది కాదు. తీగలో కరెంటు నడిచే తీరు చూసి అది ఏ రకమో తానే కనుక్కుంటుంది. కుండ కొనబోయిన ఇల్లాలు వేలితో తట్టి, చెవితో విని, పగులుందో లేదో తేల్చుకున్నట్టు. కుమ్మరి ఏం ప్రమాణం చేసినా ఆమెకు అక్కర్లేదు.

ఈ పెట్టె రెండు తీగలనూ తట్టి చూసింది. నీళ్ళ తీగ పొడుగుదంది. గాలి తీగ పొట్టిదంది.

ఇదే మాట మూర్తి తన భార్యతో అన్నాడు. ఆదివారం రాత్రి ముద్ద తింటూ, 'రెండో లైను పొట్టి తీగ అని చూపిస్తాండాది పవీ. నాలుగు వందల అడుగులు పొట్టి ఎట్లయితాది? రేపు దాసప్పన్నను అడుగుతా' అన్నాడట. మరుసటి సాయంత్రం నుంచి మనిషి లేడు.

"దాసప్పా, సోమవారం మూర్తి ఈ సంగతి నిన్ను అడిగినాడా?"

"అడిగినాడు సామీ. కొత్త పెట్టెకు మతి లేదు, ఆటో తీసేసి 485 అని నువ్వే పెట్టు అని చెప్తిని."

"పెట్టినాడా?"

"పెట్టే ఉంటాడు."

"పెట్టి ఉంటే ఇప్పుడు ఆటో అని యాల ఉండాది?"

దాసప్ప భుజాలెగరేశాడు. మునిశంకర్ మౌస్ అందుకుని రెండో లైనును ఆటో నుంచి 485కు మార్చాడు. ఒక్క క్షణం. గాలి అంకెలు మాయమై, వాటి చోట గీతలు మాత్రం మిగిలాయి.

"ఏయ్!" నందీశ్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "కింద మనుషులుండారు! ముట్టొద్దు!"

"చూసినారు గదా సార్. పొడుగు తీగ అని చెబితే మీటరు మూగదైపాయ." మళ్ళీ ఆటోకు మార్చాడు. అంకెలు తిరిగి వచ్చాయి. "పెట్టె చెప్పిందే నిజం. ఇది పొట్టి తీగే. పొట్టి తీగ కొసన ఉండే మీటరు నాలుగు వందల అడుగుల కింద ఎట్లుంటాది?"

నందీశ్ తెలివి తక్కువ మనిషి కాడు. పెట్టె వైపు, గోడలోకి పోయే గొట్టం వైపు మార్చి మార్చి చూశాడు.

"నడుమ ఎక్కడన్నా మార్పిడి బిళ్ళ ఉంటే? కిందినుంచి పొడుగు తీగ వస్తాది. గోడలో బిళ్ళ పెట్టి పొట్టి తీగగా మార్చి ఇక్కడ తగిలిస్తారు. మా పాత ఆఫీసులో అట్లనే ఉండింది."

అలాంటి బిళ్ళలు మునిశంకరే అమ్ముతాడు. గోడ పగలగొడితే గానీ తేలదు.

"ఉండొచ్చు సార్," అని ఒప్పుకున్నాడు. తర్వాత దాసప్ప వైపు తిరిగాడు. "మీ పనోళ్ళు ఏ లోతు దాకా దిగి గొట్టాలు తీస్తారు?"

"నూరడుగులు."

"గాలి ఇంత బాగుండాది గదా. నాలుగు నూర్ల దాకా గొట్టాలుండాయి గదా. ఇన్నాళ్ళూ యాల దిగలేదు?"

"పైన ఉండేది ముందు తీసుకుందామని సామీ."

"ఇప్పుడు దిగిన ఇద్దరి చేతికి గాలి చూసే చిన్న మీటరన్నా ఇయ్యలేదే?"

"కింద పెద్దది ఉండంగా ఇంగ చేతి మీటరు యాలా?" దాసప్ప గొంతు ఇంకా మెత్తబడింది. "మీరిద్దరూ మాట్లాడుకోండి సామీ. నేను వించి దగ్గిర చూసొస్తా. అక్కడ అక్కయ్య ఒకటే ఉండాది."

అతను వెళ్ళిపోయాడు. తన కొట్టు నూనెతో తన ఇంట్లో దీపం కూడా వెలిగించని వర్తకుణ్ణి చూస్తే మునిశంకర్‌కు ఆ నూనె మీద అనుమానం వస్తుంది. దాసప్ప తన మనుషులను ఒక్కరినైనా నూరడుగుల కింద అడుగు పెట్టనివ్వలేదు. ఇవాళ దిగినవాళ్ళలో అతని మనిషి ఒక్కడూ లేడు.

మునిశంకర్ తెర మీద పాత రోజుల గీత తెరిచాడు. విషవాయువు గీత. నెలల తరబడి సున్న మీద నేలలా చదునుగా సాగింది. కానీ అక్కడక్కడా ఒక చిన్న గుట్ట. లేచి, కాసేపట్లో మళ్ళీ పడిపోతోంది. గుట్టకూ గుట్టకూ నడుమ ఎడం ఒకేలా ఉంది.

"ఇవేంటి సార్?"

"అవి ఏమీ కాదు. మూర్తి కూడా రాసి పంపినాడు. ప్రమాదం గీతకు శానా కింద ఉండాది, వదిలేయమని ఆఫీసువాళ్ళు చెప్పినారు."

టీ గ్లాసులు తెచ్చిన ముసలామె చిన్నవెంకటమ్మ తెర వైపు తొంగి చూసింది. షెడ్డు ఊడ్చి, టీ కాచి, పొద్దు గూకేదాకా అక్కడే ఉండే మనిషి.

"అదా సామీ, గని ఊపిరి."

"ఏంది అవ్వా?"

"మూర్తప్ప చూపించినాడు నాకు. శుక్రారం శుక్రారం గని ఊపిరి ఇడుస్తాది. కింద సచ్చినోళ్ళు ఎంతమంది! మా మామ గూడా ఆన్నే ఉండాడు, మనిసి దొరకనే లేదు. అంతమంది వారానికొకసారన్నా ఊపిరి ఇడవరా?"

ఆమె ఆ మాట భయంతో చెప్పలేదు. పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది. నందీశ్ గ్లాసు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మునిశంకర్ తేదీలు చూశాడు. నిజమే. ప్రతి గుట్టా శుక్రవారమే. ప్రతి ఒక్కటీ సందెవేళే.

"గనికి వారం ఎట్ల తెలుస్తాది అవ్వా?"

"మనిసికి తెలుస్తాది గదా సామీ. వాళ్ళూ మనుసులే గదా."

"మనిషికి తెలుస్తాది." మునిశంకర్ ఆ మాటనే మళ్ళీ అన్నాడు. "శుక్రవారం సందకాడ నువ్వు ఈ గదిలో ఏం జేస్తావు?"

"నేనేం జేస్తా? గది కడుగుతా. మారెమ్మ పటానికి కుంకం పెడతా. సాంబ్రాణి ఏస్తా. ఇంటికి పోతా."

"యాడ ఏస్తావు సాంబ్రాణి?"

ఆమె గోడ వైపు చూపించింది. కంప్యూటర్‌కు నాలుగడుగుల దూరంలో, తీగల గొట్టం గోడలోకి దూరే చోటికి కాస్త పైన, చిన్న గూడు. అందులో చెక్క చట్రం కట్టిన మారెమ్మ పటం.

"ఇప్పుడు ఏయి."

"గురువారం మారెమ్మకు సాంబ్రాణా? నాకేమన్నా పిచ్చా సామీ?"

"నా మొక్కనుకో అవ్వా. తొందరగా."

చిన్నవెంకటమ్మ గొణుక్కుంటూనే టీ పొయ్యిలో నిప్పులు పట్టుకారుతో తీసి ధూపం గిన్నెలో వేసింది. సాంబ్రాణి పొడి చల్లింది. తెల్లని పొగ గుప్పున లేచి పటం ముందు సుడి తిరిగింది. కొంత పైకి పోయింది. కొంత పటం చట్రం చుట్టూ ఉన్న సందులోంచి గోడలోకి పోయింది.

ముగ్గురూ తెర వైపు చూశారు.

సున్న. సున్న. రెండు. ఏడు. పంతొమ్మిది.

"కింద గాలి చెడిపోతుండాది!" నందీశ్ ఫోను తీశాడు. "పైకి లాగమని చెప్పాల..."

"కింద కాదు సార్. ఇక్కడ."

మునిశంకర్ పటం ముందు ఒకసారి చేతులు జోడించి దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. చిన్నవెంకటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పటం వెనక ఇటుక తీసేసిన బొక్క. బొక్కలో పిడికిలంత మీటరు. దానికి జానెడు తీగ. కుంకుమ పెట్టే మనిషి పటం ముందే తుడుస్తుంది. వెనక చెయ్యి పెట్టే ధైర్యం ఈ షెడ్డులో ఎవరికీ ఉండదు. దాచినవాడు ఆ లెక్క సరిగ్గానే కట్టాడు. వారానికొకసారి ఆ తల్లికి పొగ వేస్తారన్న సంగతే మరిచిపోయాడు.

"మీటరు కింద దించితే మొదటి రోజే గాలి చెడ్డది అని చూపించేది," అన్నాడు మునిశంకర్. "చూపిస్తే పని ఆగిపోతాది. అందుకే దాన్ని పైనే ఉంచి మంచి గాలి పీల్పించినాడు. ఇన్నాళ్ళూ మీరు కింది గాలి అనుకుని చూసింది మన గాలే సార్."

నందీశ్ బొక్కలోకి తొంగి చూశాడు. "అయితే కింద..."

"కింద ఎట్లుండాదో ఎవురికీ తెలీదు."

ఇద్దరూ పరిగెత్తారు.

షాఫ్టు మూతి మీద పలకలు పరిచి, నడుమ తొట్టి దిగేంత సందు వదిలారు. ఒక పక్కన, వించి వైపు నుంచి కనపడకుండా చెక్క గోడ అడ్డం కట్టిన నిచ్చెన దారి ఉంది; పాతకాలంలో మనుషులు ఎక్కి దిగిన దారి. వించి నడిపే పిల్లప్ప మీట దగ్గర నిలబడి ఉన్నాడు; సోమవారం తనకు సెలవని పొద్దునే మునిశంకర్‌కు చెప్పిన మనిషి. ఇనుప తాడు సందులోకి తిన్నగా దిగి, కదలకుండా ఉంది. పవిత్ర మూతి చుట్టూ ఉన్న కటకటాలు రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూస్తోంది.

"లాగు పిల్లప్పా! లాగు!" నందీశ్ అరిచాడు.

పిల్లప్ప తలెత్తి పైన వేలాడే గంట వైపు చూశాడు. గంటకు కట్టిన తాడు నిచ్చెన దారి పక్కగా నాలుగు వందల అడుగుల దగ్గరున్న రాతి గట్టుదాకా పోతుంది. కింది మనిషి తాడు గుంజితే పైన గంట మోగుతుంది. ఒకటి మోగితే ఆగు. రెండైతే దించు. మూడైతే లాగు. గనిలో తాతల కాలం నుంచి ఉన్న కట్టు.

"గంట కొట్టలే సార్. కొట్టినాకే లాగేది."

"కింద గాలి లేదురా! గంట కొట్టే ఓపిక వాళ్ళకు ఉండదు!"

"తొట్టి గట్టుకాడికి పోయి పది నిమిషాలయింది. దిగి తిరుగుతా ఉంటారు. గంట లేకుండా లాగితే, ఒక కాలు తొట్టిలో ఒక కాలు గట్టు మింద ఉంటే, మనిషి రెండు తునకలైతాడు. మా నాయిన అట్లనే సచ్చినాడు సార్. నేను లాగను."

"ఇది నా ఆర్డరు!"

"ఆర్డరు మీది. చెయ్యి నాది."

పిల్లప్ప చెప్పేది తప్పు కాదు. జీవితమంతా లాభనష్టాలు బేరీజు వేసిన మునిశంకర్‌కు ఆ క్షణాన రెండు తట్టల్లోనూ రెండేసి ప్రాణాలే కనిపించాయి. లాగితే చావొచ్చు. లాగకపోతే చావొచ్చు. ముల్లు ఎటూ కదలడం లేదు.

పవిత్ర కటకటాలు వదిలి వచ్చింది.

"అన్నా, గాలి లేదనేది నిజమేనా?"

"నిజమే అమ్మా. మీటరు కింద లేనే లేదు. నేను చేత్తో పట్టుకున్నా."

"ఎంతసేపు తట్టుకుంటారు?"

"ఇప్పటికే ఎక్కువయింది."

ఆమె మీట మీదున్న పిల్లప్ప చేతి మీద తన చెయ్యి వేసింది.

"వాడు నా తమ్ముడు పిల్లప్పా. కాలు తెగితే కాలు లేని తమ్ముణ్ణి నేను సాకుతా. లాగు."

పిల్లప్ప కళ్ళు మూసుకుని మీట వెనక్కి తోశాడు. వించి మూలిగింది. తాడు బిగిసింది, ఒకసారి వణికింది, తర్వాత నెమ్మదిగా పైకి రాసాగింది. నాలుగు వందల అడుగులు పైకి చుట్టుకునేదాకా ఆ మూలుగు ఒక్కటే వినిపించింది.

తొట్టి పైకి తేలింది. హేమంత్ అడుగున ముడుచుకుని పడి ఉన్నాడు. మోహన్‌కుమార్ తన బెల్టును తొట్టి గొలుసుకు కట్టుకుని, తల వేలాడేసి ఉన్నాడు. ఇద్దరి పెదవులూ నేరేడుపండు రంగు. నందీశ్ ఇద్దరినీ ఈడ్చి పలకల అవతల పడుకోబెట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"ఊపిరుండాది."

పవిత్ర తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని ముఖం మీద నీళ్ళు కొట్టింది. చాలాసేపటికి వాడు దగ్గాడు. కళ్ళు తెరిచి, ఆమెను దాటి పిల్లప్ప వైపు చూశాడు.

"ఎందుకన్నా లాగలే... గంట కొడతానే ఉంటిమి..."

"గంట రాలేదప్పా!" పిల్లప్ప తల అడ్డంగా ఊపాడు. "మారెమ్మ ఆన! ఒక్కటంటే ఒక్కటీ రాలే!"

మోహన్‌కుమార్ అరచేతులు పైకెత్తి చూపించాడు. తాడు ఒరిసి తోలు ఊడి, నెత్తురు కారుతోంది.

పవిత్ర ఆ చేతులు చూసింది. "మీ బావ?" అంది.

"ఉండాడక్కా." వాడి కళ్ళల్లోంచి నీళ్ళు పక్కకు జారాయి. "గట్టు మింద. గంట తాడు చేతికి చుట్టుకోని... అట్లనే కూసోనుండాడు."

ఆమె ఏడవలేదు. తమ్ముడి తలను గట్టిగా పొట్టకు అదుముకుంది. నందీశ్ వైపు మాత్రం ఒకసారి తలెత్తింది. "ఆయన పారిపోలే."

"లేదమ్మా," అన్నాడు నందీశ్, నేల వైపు చూస్తూ. "పారిపోలే."

పిల్లప్ప మీట పక్కనే కూలబడ్డాడు. "సోమారం గూడా గంట రాలే," అన్నాడు ఎవరితోనూ కానట్టు.

మునిశంకర్ అతని ముందు కూర్చున్నాడు. "సోమవారం నువ్వు సెలవన్నావే?"

"దాసప్పన్న అట్ల చెప్పమనె. మీటరు చూస్తానని మూర్తన్న దిగె. నేనే దించితి. శానాసేపు కాసుకోనుంటి. గంట రాలే. 'నువ్వు ఇంటికి పోరా, మూర్తి గంట కొడితే నేను లాగుతా' అనె దాసప్పన్న. తెల్లారి వస్తే తొట్టి పైనుండె. మూర్తన్న ఎక్కి వచ్చేసి ఊరికి పోయినాడనె. నేను నమ్మితి సామీ... గంట రాకుండా నేనెట్ల..."

"దాసప్ప యాడ?" నందీశ్ లేచాడు.

"ఈడికి రాలేదు సార్."

"వించి దగ్గిరికి పోతానని మా ముందే వచ్చినాడు గదా!"

"నా కంటికి కనపడలే."

వెతకడానికి వ్యవధి లేదు. హేమంత్ ఊపిరి మళ్ళీ సన్నబడుతోంది. అక్కడున్న బండి నందీశ్ జీపు ఒక్కటే. ఇద్దరినీ అందులోకి ఎక్కించారు. పవిత్ర తమ్ముణ్ణి పట్టుకుని కూర్చుంది. హేమంత్‌ను పట్టుకోవడానికి పిల్లప్ప ఎక్కాడు.

"పోలీసులకు ఫోను చేసినా, బయల్దేరినారు." నందీశ్ స్టీరింగ్ ముందు కూర్చుని ఒక క్షణం ఆగాడు. "నువ్వు చెప్పింది ముందే వినుంటే..."

"ఆ లెక్క తర్వాత చూసుకుందాం. పోండి సార్."

జీపు కదిలింది. మునిశంకర్ షాఫ్టు దగ్గరికి తిరిగి వచ్చాడు. గంట తాడును పైన పట్టుకుని గుంజాడు. గంట ఖంగున మోగింది. ఇక్కడ గుంజితే మోగుతోంది. అరచేతుల తోలు ఊడేదాకా కింద గుంజితే మోగలేదు. అంటే ఈ రెండింటి నడుమ ఎక్కడో తాడు ఆగిపోయింది. దాసప్ప తాడును ఎక్కడో గోడకు ముడి వేసి ఉంటాడు అనుకున్నాడు. పోలీసులు వచ్చేలోపు ఆ ముడిని కళ్ళతో చూడాలి.

పలకల మీద బోర్లా పడుకుని, చెక్క గోడ పక్కనున్న సందులోకి తల దూర్చి టార్చి వేశాడు. కిందినుంచి తడి ఇనుము వాసన వచ్చింది. తాడు గోడ వెంట తిన్నగా దిగుతోంది. అయిదడుగులు. ఎనిమిదడుగులు. ముడి లేదు. టార్చి ఇంకొంచెం వంచాడు.

తాడు మీద ఒక పిడికిలి ఉంది.

వెలుగు పిడికిలి మీంచి మోచేతికి, మోచేతి నుంచి తెల్ల చొక్కాకు పోయింది. నిచ్చెన మెట్టు మీద నిలబడి, చెక్క గోడకు వీపు ఆనించి, దాసప్ప పైకి చూస్తున్నాడు. కింద ఇద్దరు ప్రాణాలకోసం గుంజిన ప్రతి గుంజూ ఆ చేతిలోనే ఆగిపోయింది. చెయ్యి ఇప్పటికీ తాడు వదల్లేదు. ఇంకో చేతిలో గొట్టాలు విప్పే పెద్ద ఇనుప పానా ఉంది.

"అందరూ ఎళ్ళిపోయినారా సామీ?" అదే మెత్తని గొంతు.

"లేదు," అన్నాడు మునిశంకర్. "అందరూ ఈడే ఉండారు."

దూరంగా జీపు మలుపు తిరిగిన చప్పుడు సన్నగా వినిపించి, మాయమైంది. దాసప్ప కూడా ఆ చప్పుడు ఆఖరిదాకా విన్నాడు. తర్వాత తాడు వదిలేసి, పానా బిగించి పట్టుకుని, ఒక మెట్టు పైకెక్కాడు.